అంతర్వేది చూడని సీతమ్మ గారు

గన్నవరం అనగానే ఇప్పుడు అందరికీ విజయవాడ పక్కన విమానాలు దిగే ఊరే గుర్తొస్తుంది. కోనసీమ వాళ్లకి ఇంకో గన్నవరం ఉంది. రికార్డుల్లో పి.గన్నవరం, మా మామ్మ నోట్లో లంకల గన్నవరం. వశిష్ఠ గోదావరి నుంచి వైనతేయ పాయ విడిపోయే చోట ఉంటుంది ఆ ఊరు. హైదరాబాద్‌లో ఎవరైనా "మీదే ఊరండీ" అని అడిగితే మా ఊరి పేరు చెప్పి లాభం లేదు, ఎవరికీ తెలీదు. "డొక్కా సీతమ్మ గారి ఊరు తెలుసా, దానికి కాస్త అవతల" అంటాను. పెద్దవాళ్లయితే "ఓ, ఆ మహాతల్లి ఊరా" అంటారు. కుర్రవాళ్లకి ఈ మధ్య వరకూ తెలిసేది కాదు. బడిలో మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టాక, పేరైతే విన్నాం అంటున్నారు.

ఏ వేళప్పుడు ఎవరు వచ్చినా లేదనకుండా అన్నం పెట్టిన ఆవిడ గురించి నేను చదివింది తక్కువ, మా మామ్మ దగ్గర విన్నది ఎక్కువ. మామ్మ పుట్టిల్లు గన్నవరానికి పక్కనే. సీతమ్మ గారు పోయింది 1909 ఏప్రిల్ 28న. మామ్మ పుట్టింది ఆ తర్వాత పదేళ్ల పైమాటే కాబట్టి ఆవిడ చూడలేదు, వాళ్లమ్మ చూసింది. చిన్నపిల్లప్పుడు వాళ్ల నాన్నతో ఎక్కడికో వెళ్తూ సీతమ్మ గారింట్లో అన్నం తిన్నానని చెప్పుకునేదట. మా వైపు ఏ ఇంట్లో కదిపినా ఎవరో ఒక ముత్తవ్వ ఆవిడ చేతి అన్నం తిన్నదే. నాకు అందులో అతిశయోక్తి కనపడదు. ఏళ్ల తరబడి పొయ్యి ఆర్పని ఇంట్లో ఎంతమంది తిని ఉంటారో ఎవరు లెక్కపెట్టారు గనక.

ఇవాళ కోనసీమకి రావడం తేలిక. రావులపాలెం దగ్గర, చించినాడ దగ్గర, యానాం పక్కన ఎదుర్లంక దగ్గర వంతెనలున్నాయి, కారులో దిగిపోవచ్చు. సీతమ్మ గారి కాలంలో ఒకవైపు గౌతమి, ఒకవైపు వశిష్ఠ, కింద సముద్రం, మధ్యలో వైనతేయ. ఏ ఊరు వెళ్లాలన్నా ఎక్కడో ఒకచోట రేవు దాటాలి. పడవ నిండితే గానీ పడవవాడు కదలడు. ఎదురుగాలి ఉంటే నిండినా కదలడు. పొద్దున్నే బయల్దేరినవాడు రేవు చేరేసరికి మధ్యాహ్నం, దాటేసరికి చీకటి. దారిలో హోటళ్లు లేవు. పూటకూళ్ల ఇళ్లు పట్నాల్లో మాట. మూటలో కట్టుకున్న అటుకులు అయిపోతే ఇక నీళ్లు తాగి నడవడమే. అలాంటి దారి మీద ఉంది గన్నవరం. అంతర్వేది తీర్థానికి వెళ్లేవాళ్లు, పెళ్లివాళ్లు, కోతలకి పోయే కూలీలు, ఊరూరా తిరిగే పండితులు, కోర్టు పని మీద రాజమండ్రి పోయేవాళ్లు, అందరికీ ఎక్కడో ఒకచోట ఆకలి వేయాలి కదా. ఆ వేసే చోట సీతమ్మ గారి ఇల్లు ఉంది. ఆవిడ గొప్పతనం గురించి మాట్లాడేవాళ్లు ఈ రేవుల సంగతి ఎందుకో ఎత్తరు.

ఇంకో సంగతి కూడా ఎత్తరు. ఆవిడ పుట్టింది 1841 అక్టోబరులో, మండపేటలో. అప్పటి రాజమండ్రి జిల్లా పరిస్థితి ఎలా ఉండేదో జనాభా లెక్కలే చెబుతాయి. 1821లో సుమారు 7 లక్షల 38 వేల మంది ఉన్న జిల్లాలో, 1841 నాటికి మిగిలింది 5 లక్షల 61 వేలు. కరువులకీ తుఫానులకీ రోగాలకీ కొందరు పోయారు, బతకలేక కొందరు వలస వెళ్లారు. పక్కనే గోదావరి పారుతూ సముద్రంలో కలిసిపోయేది, పొలాలు మాత్రం ఎండేవి. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852లో ముగించాడు. అంటే సీతమ్మ గారి చిన్నతనం ఆనకట్టకి ముందు కాలం, కాపురం ఆనకట్ట తర్వాతి కాలం. ఇవాళ అన్నపూర్ణ అని పిలుచుకుంటున్న డెల్టా ఆవిడ కళ్ల ముందే తయారైంది. ఆకలి ఎలా ఉంటుందో చెప్పిన ముసలివాళ్ల మధ్య పెరిగి, గాదెలు నిండిన ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ రెండూ తెలిసిన మనిషి కాబట్టే అలా చేసిందని నేననుకుంటాను. మామ్మ ఒప్పుకునేది కాదు. "అదేం లేదు, తండ్రి పోలిక" అనేది.

తండ్రి అనుప్పిండి భవానీశంకరం గారు. వచ్చినవాళ్లకి అన్నం పెడుతూ ఉండటం వల్ల ఊళ్లో ఆయన్ని బువ్వన్న అని పిలిచేవారట. తల్లి నరసమ్మ గారు చిన్నతనంలోనే పోవడంతో ఇంటి పని ఆ పిల్ల మీదే పడింది. డొక్కా జోగన్న గారు లంకల గన్నవరంలో వేదం చదువుకున్న మనిషి, భూవసతి ఉన్న రైతు. ఒకసారి ఎక్కడికో వెళ్లి వస్తూ మధ్యాహ్నం వేళకి మండపేట చేరి, భోజనానికి భవానీశంకరం గారింట్లో ఆగారు. ఆ వడ్డన, ఆ మర్యాద చూశారు. తర్వాత ఆ పిల్లనే చేసుకున్నారు. కథ ఇంతే. మామ్మ దీన్ని ఇంకా కుదించేది: "భోజనానికి వచ్చాడు, పెళ్లాన్ని తీసుకెళ్లాడు."

మామ్మకి ఈ కథల్లో ఇష్టమైన భాగాలు వేరు. అందరూ రాజుల గురించీ పొగడ్తల గురించీ చెబుతుంటే ఆవిడ పొయ్యి గురించి చెప్పేది. మాది మండువా లోగిలి. వెనక వంటిల్లు, దాని అవతల పెరట్లో పెళ్లిళ్లకీ తద్దినాలకీ తవ్వే గాడిపొయ్యి. గాడిపొయ్యి పక్కన పీట వేసుకుని, కంద చెక్కు తీస్తూ, నన్ను కొబ్బరి కోరమని కూర్చోబెట్టి చెప్పేది.

"ఒరేయ్, పగలు వందమందికి పెట్టడం కష్టం కాదురా. ముందురోజే తెలుస్తుంది, వంటవాళ్లు వస్తారు. రాత్రి పదకొండు గంటలప్పుడు పదిమంది వచ్చి అరుగు మీద కూర్చుంటే పెట్టడం కష్టం."

ఎందుకు కష్టమో విడమర్చేది. ముందు నిప్పు. ఆ రోజుల్లో పల్లెల్లో అగ్గిపెట్టె అందరింట్లో ఉండే వస్తువు కాదు. పడుకునే ముందు పిడక నిప్పు బూడిదలో కప్పి ఉంచాలి. ఏ రాత్రి చూసినా అది బతికే ఉండాలి. తర్వాత కట్టెలు. కోనసీమలో కొబ్బరి మట్టలకీ డొప్పలకీ కరువు లేదు గానీ, ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఎండినవి దొరకవు. వాటిని అటక మీదో సావిట్లోనో దాచుకోవాలి. బియ్యం మిల్లు నుంచి వచ్చే రోజులు కావవి. పురి విప్పి, వడ్లు ఎండబెట్టి, రోట్లో పోసి ఇద్దరు ఆడవాళ్లు రోకళ్లతో దంచి, చేటలతో చెరిగితే నాలుగు కుంచాల బియ్యం. రాత్రి వచ్చినవాళ్ల కోసం రాత్రి దంచలేరు కాబట్టి దంచిన బియ్యం ఎప్పుడూ నిల్వ ఉండాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి. నూతిలోంచి నీళ్లు తోడి గంగాళాలు నింపి ఉంచాలి. పొద్దుగూకితే చెట్టు ముట్టుకోకూడదంటారు కదా, అందుకని అరటాకులు దీపాలు పెట్టకముందే కోసి తెచ్చి పెట్టుకోవాలి. ఎవరూ రాకపోతే పొద్దున్నకి అవి వడిలి ఆవుల పాలు.

ఇవన్నీ అమిరాక అప్పుడు ఎసరు పెట్టాలి. పప్పు ఉడకడానికి పట్టే సమయం ఆకలితో ఉన్నవాడికి చాలా ఎక్కువ. అందుకని ముందు అన్నం వార్చి, వేడి గంజి కాస్త ఉప్పేసి ఇస్తారు. ఆ తర్వాత ఆవకాయ, నెయ్యి, ఉంటే పగటి పులుసు, మజ్జిగ. ఈలోపు కూర. ఇదంతా మామ్మ ఊహించి చెప్పేదా, వాళ్లమ్మ చెప్పిందా అని నేను ఎప్పుడూ అడగలేదు. వంట చేసి బతికిన మనిషి ఇంకో వంట చేసిన మనిషి గురించి చెబుతుంటే అలా అడగాలనిపించదు.

సీతమ్మ గారి గురించి ఎవరు చెప్పినా ఆవిడొక్కతే గరిటె పట్టుకుని నిలబడ్డట్టు చెబుతారు. అది జరిగే పని కాదు. ఆ వడ్లు దంచిన చేతులు ఎవరివి, ఆ నీళ్లు తోడిందెవరు, ఆ ఆవుల్ని కాసిందెవరు, అరటి తోటలో ఆకులు కోసి తెచ్చిందెవరు? ఒక్కళ్ల పేరూ మిగల్లేదు. జోగన్న గారి పేరు కూడా సగం మందికి తెలీదు. పొలం ఆయనది, ఆయన ఒక్క మాట "ఇక చాలు" అని ఉంటే ఆ పొయ్యి ఆరిపోయేది. అనలేదు. ఇంటి యజమానులు అంత తేలిగ్గా ఊరుకునే కాలం కాదది.

జోగన్న గారి కథ ఒకటి మా వైపు బాగా చెబుతారు. గోదావరికి వరద వచ్చిన ఒక రాత్రి. ఏటి మధ్య లంకలో ఎవడో చిక్కుకుపోయి, ఆకలికి తాళలేక అరుస్తున్నాడు. అది సీతమ్మ గారి చెవిన పడింది. ఆవిడ లేచి వంట మొదలుపెట్టింది. ఆయన పడవ సిద్ధం చేయించి, ఆ వరదలో, ఆ చీకట్లో అన్నం పట్టుకెళ్లి పెట్టి వచ్చారు. వినడానికి చిన్న కథలాగే ఉంటుంది. వైనతేయ వరదని గట్టు మీద నిలబడి చూసినవాళ్లకి మాత్రం అలా అనిపించదు. ఎర్రటి నీళ్లలో పెద్ద పెద్ద చెట్లు వేళ్లతో సహా కొట్టుకొస్తాయి. పగలే పడవ వేయడానికి జంకుతారు. ఇప్పటికీ ఊడిమూడిలంక, బూరుగులంక వైపు జనం ఏటా జూలైలో వరదకి తాత్కాలిక గట్టు తెగిందంటే పడవల మీదే తిరుగుతారు. టీవీ వాళ్లు వచ్చి తీసుకుంటారు, రెండు రోజులు చూపిస్తారు.

పిఠాపురం మహారాజా వారు మారువేషంలో వచ్చి ఆవిడ్ని పరీక్షించారని కూడా అంటారు. నాకు ఈ మారువేషాల కథల మీద పెద్ద నమ్మకం లేదు. మన దేశంలో ప్రతి దాతకీ ఒక మారువేషం రాజు ఉంటాడు. అదే వరద కథ చూడండి, అందులో దేవుడూ లేడు, రాజూ లేడు. ఆకలేసినవాడి పేరు కూడా ఎవరికీ తెలీదు. అందుకే నాకది నిజమనిపిస్తుంది.

అన్నం ఒక్కటే కాదు. ఆడపిల్ల పెళ్లి ఆగిపోయిందని వచ్చినవాళ్లకీ, ఒడుగు చేయలేకపోయినవాళ్లకీ, పురుటికి దిక్కులేనివాళ్లకీ ఆ ఇంట్లో ఏదో ఒక సాయం దొరికేదని చెబుతారు. కులం మాట కూడా వస్తుంది. ఆ రోజుల్లో మా ఊళ్లలో పట్టింపులు ఎలా ఉండేవో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నా చిన్నతనంలో కూడా వాటి తోకలు మిగిలే ఉన్నాయి. అయినా ఆకలితో వచ్చినవాడిని నువ్వెవరివని ఆవిడ అడగలేదన్న మాట మా వీధిలో ఎలా విన్నానో, లంక పేటల్లో ముసలాళ్ల నోటా అలాగే విన్నాను. రెండు వైపులా ఒకే మాట చెబుతుంటే నమ్మకుండా ఉండటానికి నాకు కారణం కనపడలేదు.

ఇంతమందికి ఎక్కడి నుంచి వచ్చింది డబ్బు? ఆస్తి కరిగిపోతున్న రోజుల్లో ఏదో నిధి దొరికిందని ఒక కథ ఉంది. ఇది వింటే మామ్మకి ఒళ్లు మండేది. "నిధి దొరికితే పెట్టడం ఏం గొప్ప? ఉన్నది అమ్మి పెట్టింది. అదీ చెప్పండి" అని కథ చెప్పేవాళ్ల మీదే విరుచుకుపడేది.

అన్ని కథల్లోకీ పేరున్నది అంతర్వేది కథ. మాఘ శుద్ధ దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. కోనసీమలో పుట్టి అంతర్వేది తీర్థం చూడనివాళ్లు అరుదు. వశిష్ఠ సముద్రంలో కలిసేది అక్కడే. సీతమ్మ గారికి ఒక్కసారి ఆ కల్యాణం చూడాలని కోరిక. ఇల్లు వదిలి వెళ్లడం ఎప్పుడూ కుదరలేదు. వచ్చేవాళ్లు వస్తూనే ఉంటారు, ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది? చివరికి ఒక ఏడు ఎలాగో వీలు చేసుకుని పల్లకీలో బయల్దేరింది. దారిలో బోయీలు అలసి ఒకచోట దింపారు. ఆ పక్కనే ఎదురు వస్తున్న ఒక గుంపు కూలబడి ఉంది. పెళ్లివాళ్లని కొందరు, యాత్రికులని కొందరు చెబుతారు. వాళ్లతో పిల్లలున్నారు. ఆకలికి ఏడుస్తున్నారు. పెద్దవాళ్లు సముదాయిస్తున్నారు: "ఇంకాస్త ఓర్చుకోండమ్మా. గన్నవరం వెళ్లిపోతే సీతమ్మ గారు అన్నం పెడతారు."

పల్లకీలో ఉన్నది ఆ సీతమ్మ గారేనని వాళ్లకి తెలీదు. ఆవిడ బోయీల్ని పిలిచి వెనక్కి తిప్పమంది. వాళ్లు అడ్డు చెప్పారు, ఇంత దూరం వచ్చాక స్వామిని చూడకుండా వెళ్తారా అని. వినలేదు. వాళ్లకంటే ముందు ఇల్లు చేరి, వాళ్లు వచ్చేసరికి విస్తళ్లు వేసి సిద్ధంగా ఉంది. ఆ తర్వాత ఆవిడకి అంతర్వేది వెళ్లడం కుదరనే లేదని మామ్మ చెప్పేది.

చిన్నప్పుడు నాకు ఈ కథ నచ్చేది కాదు. తీర్థంలో జీళ్లు, ఖర్జూరాలు, రంగులరాట్నం, సముద్రం. అవన్నీ వదిలేసి వెనక్కి వచ్చేయడమేంటి? ఇంట్లో వేరేవాళ్లు వండి పెట్టరా? అదే అడిగాను ఒకసారి. మామ్మ కొంచెంసేపు ఆలోచించి, "పెడతారు. కానీ వాళ్లు సీతమ్మ గారు పెడతారనుకుని వస్తున్నారు కదా" అంది. అప్పటికి నాకది జవాబులా అనిపించలేదు.

దాని సంగతి కొంచెం తెలిసింది 1996లో. ఆ ఏడు నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. తెల్లారి లేచి చూస్తే ఊరు గుర్తుపట్టేలా లేదు. కొబ్బరి చెట్లు వరసలకి వరసలు నేల మీద. కోతకొచ్చిన చేలు నీళ్లలో. కరెంటు స్తంభాలు వంగి రోడ్డుకి అడ్డంగా పడ్డాయి. తీరం వైపు ఊళ్ల నుంచి జనం తడి బట్టలతో నడుస్తూ వస్తున్నారు, చంకలో పిల్లలు, చేతిలో చిన్న మూట. వాళ్లలో కొందరు మా అరుగు మీద కూర్చున్నారు. అడగలేదు, ఊరికే కూర్చున్నారు.

మామ్మకి అప్పటికే డెబ్భై దాటింది. లేచి వంటింట్లోకి వెళ్లింది. గ్యాసు బండ ఉంది గానీ దాని మీద అంతమందికి కాదు. పెరట్లో గాడిపొయ్యి నిండా నీళ్లు. మా బాబాయి సావిట్లో మూడు రాళ్లు పెట్టాడు. కట్టెలన్నీ తడిసిపోయాయి. మట్టలు పెడితే పొగ తప్ప మంట లేదు. కిరసనాయిలు పోసి, పాత మంచం కోడు ఒకటి విరగ్గొట్టి, ఇల్లంతా పొగచేసి, నానా తంటాలు పడి అన్నం వార్చేసరికి మధ్యాహ్నం దాటింది. ముద్దపప్పు లేదు, ఏమీ లేదు. అన్నం, మాగాయ, పడిపోయిన చెట్ల కొబ్బరికాయల పచ్చడి. పచ్చడికి మాత్రం లోటు లేదు, ఊరంతా కొబ్బరికాయలే. మర్నాడు వేరే వీధుల వాళ్లు కూడా కలిశారు, బియ్యం తెచ్చారు, రామాలయం దగ్గర గుండిగలు పెట్టారు. రిలీఫ్ పొట్లాలు వచ్చేదాకా అలా నడిచింది.

మామ్మ ఆ రోజుల్లో సీతమ్మ గారి పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు. కంట్లో పొగ, నోట్లో తిట్లు. పొయ్యి ఊదుతూ కట్టెల్ని తిట్టింది, బాబాయిని తిట్టింది, నీళ్లు ఒలకబోసినందుకు నన్ను తిట్టింది. వడ్డించేటప్పుడు మాత్రం తిట్లు లేవు. "ఇంకొంచెం వేసుకో అమ్మా", "పిల్లాడికి కలిపి పెట్టు ముందు". ఎన్నో ఏళ్లుగా విన్న ఆ నిప్పు సంగతీ కట్టెల సంగతీ నాకు అప్పుడు అర్థమయ్యాయి. మేం కొద్ది రోజులు చేసి అలసిపోయాం. సీతమ్మ గారు బతుకంతా అదే చేసింది.

ఇక ఫొటో కథ. ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకం సందర్భంగా 1903 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ఆ వేడుకకి రమ్మని గోదావరి జిల్లా నుంచి ఈవిడకి పిలుపు వచ్చింది. తను రానంది. ఎందుకంటే మళ్లీ అదే సమస్య, ఆ రోజుల్లో అన్నానికి వచ్చినవాళ్ల గతేమిటి. సరే, ఫొటో అయినా పంపాలని అధికారులు వచ్చారు. దానికీ ఒప్పుకోలేదు, పేరు కోసం చేస్తున్నానా అంది. తీసుకెళ్లకపోతే మా ఉద్యోగాలు పోతాయని వాళ్లు బతిమాలితే అప్పుడు కూర్చుంది. ఆ ఫొటోని అక్కడ కుర్చీలో పెట్టి గౌరవించారని చెబుతారు.

మామ్మ వెర్షన్‌లో ఎడ్వర్డ్ రాజుగారే లేచి ఆ ఫొటోకి నమస్కారం పెట్టాడు. తీరా చూస్తే ఎడ్వర్డ్ ఆ దర్బారుకి రానే లేదు, తన బదులు తమ్ముణ్ణి పంపాడు. కాలేజీ రోజుల్లో ఇది తెలిసి, పెద్ద విషయం కనిపెట్టినవాడిలా ఇంటికొచ్చి మామ్మకి చెప్పాను. ఆవిడ ఏమీ చలించలేదు. "అయితే తమ్ముడే పెట్టుంటాడు" అంది.

నాకైతే ఆ కథలో రాజు నమస్కారం కంటే ఉద్యోగాలు పోతాయన్న మాట బాగుంటుంది. రాజు పిలిస్తే కదలని మనిషి, గుమస్తాల కూడు పోతుందంటే కదిలింది. నిజంగా అలాగే జరిగిందో, చెప్పేవాళ్లు మలిచారో గానీ, ఆవిడ్ని ఎరిగినవాళ్లే మలచగలిగిన ముక్క అది.

గన్నవరం బస్సు దిగితే ముందు కనిపించేది అక్విడక్ట్. చిన్నప్పుడు మాకు అదొక వింత. కింద వైనతేయ పారుతుంటుంది, దాని నెత్తి మీద నుంచి పంట కాలువ అడ్డంగా రాజోలు వైపు వెళ్తుంటుంది. నది మీద కాలువ! పాతది కాటన్ దొర కాలంలో కట్టింది, 49 కమానులు. చిన్నప్పుడు దాని మీద బస్సు వెళ్తుంటే కిటికీలోంచి కమానులు లెక్కపెట్టాలని చూసేవాళ్లం, పైనుంచి కనపడవు కాబట్టి ఎప్పుడూ కుదిరేది కాదు. తర్వాత దాని పక్కనే కొత్తది కట్టి, డొక్కా సీతమ్మ అక్విడక్ట్ అని పేరు పెట్టారు. విగ్రహాలు పెడితే వాటికి దండలు వేయడం తప్ప పనేముంటుంది. ఇది అలా కాదు. అటు రాజోలు సీమ చేలకి నీళ్లు వెళ్లేది దాని మీద నుంచే. ఆ పేరు పెట్టాలని ఎవరికి తోచిందో గానీ బాగా తోచింది. మామ్మ బతికుండగా ఒకసారి ఆ కొత్త అక్విడక్ట్ మీదుగా తీసుకెళ్లాం. బస్సులోంచి బోర్డు చూపించి చదివాను. "గారు ఏదిరా?" అంది. సీతమ్మ గారు అని రాయలేదని ఆవిడ బాధ. మా వైపు ఆ పేరు గారు లేకుండా ఎవరూ పలకరు మరి.

2024లో ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజన పథకానికి ఆవిడ పేరు పెట్టింది. మా బాబాయి కొడుకు అటువైపే ఒక సర్కారు బడిలో టీచరు. పిల్లలు బోర్డు చదివి ఈవిడెవరు సార్ అని అడిగితే, మామ్మ చెప్పిన అంతర్వేది కథ చెప్పాడట, పల్లకీ, బోయీలు, వెనక్కి తిరగడం, అన్నీ. అంతా విని నాలుగో తరగతి పిల్ల ఒకతె లేచి, "మరి వాళ్లకి ఏం కూర వండింది సార్?" అని అడిగిందట. వాడికి ఏం చెప్పాలో తోచలేదు. ఏ కథలోనూ ఆ సంగతి లేదు. సాయంత్రం నాకు ఫోన్ చేశాడు.

"పనసపొట్టు అని చెప్పెయ్" అన్నాను. "మాఘమాసానికి పనసకాయ అంత ముదరదన్నయ్యా, మరీ పిందెలు" అన్నాడు వాడు, పల్లెలోనే ఉన్నాడు కాబట్టి. కంద అన్నాను. హడావిడిగా వచ్చి కంద చెక్కు తీస్తూ కూర్చుంటారా అన్నాడు. అలా కాసేపు వాదించుకుని, చివరికి మామ్మ అయితే ఏమనేదో అని ఆలోచించాం. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెడతాం. అది అయిన మూడు రోజులకే దశమి. పందిరి మీద చిక్కుడుకాయలు విరగకాసి ఉంటాయి, కోయడం తేలిక, ఉడకడం తేలిక, ఎంతమందికైనా వస్తుంది. చిక్కుడుకాయ కూర తప్ప ఇంకోటి అయ్యే అవకాశమే లేదని తేల్చాం. మర్నాడు వాడు క్లాసులో అలాగే చెప్పాడు. ఆ పిల్ల మొహం ముడుచుకుని, తనకి చిక్కుడుకాయ నచ్చదనీ, గుడ్డు పెట్టి ఉంటే బాగుండేదనీ అందట.